ఓడిపోవడానికి వచ్చిన తొమ్మిది మంది

ఫోన్ ఆటల కంపెనీల్లో కొత్తగా ఉద్యోగానికి చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవంలోంచి ఏదన్నా చెప్పండి" అంటుంటారు. వాళ్ళకు కావలసింది గెలిచిన కథ. అలాంటివి నా దగ్గర రెండు మూడున్నాయి. వాటిని వీడ్కోలు సభలోనే చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఇది ఆ సభలో చెప్పని సంగతి. ఒక మనిషికి రోజుకో గంట పాటు దొరికే తోడును నా చేత్తో నేనే తీసేశాను. తీసేసేటప్పుడు చాలా న్యాయం చేస్తున్నానని అనుకున్నాను.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. టెలిఫోన్ శాఖలో దాదాపు ముప్పై ఏళ్ళు లైన్ల మీద పనిచేశాను. చిత్తూరు చుట్టుపక్కల నేను ఎక్కని స్తంభం లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, అందులో సగం నిజమే. ముందుగానే విరమణ తీసుకున్న ఏడాదే నా భార్య పోయింది. పిల్లలు లేరు. తిరుచానూరు రోడ్డులో ఒక మేడ మీద వాటాలో ఉండేవాణ్ణి, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పక్కన లాడ్జి. రోజూ కొత్త మనుషులు సామాన్లతో దిగుతారు, అమ్మవారి దర్శనం చేసుకుంటారు, మర్నాడు ఖాళీ చేస్తారు. కింద పూలమ్మే ఆవిడ తప్ప నన్ను వరసగా రెండు రోజులు చూసే మనిషి ఆ వీధిలో లేదు. ఏడాది తిరిగేసరికి, ఎవరు ఏ పని ఇస్తామన్నా ఒప్పుకునే స్థితికి వచ్చాను.

అప్పుడే చిత్తూరు వ్యాపారుల ఇంటి అబ్బాయి ఒకడు తిరుపతిలో ఫోన్ ఆటల కంపెనీ పెట్టాడు. అతనికి తెలివైన పిల్లలు చాలామంది దొరికారు గానీ, లైను సంగతి తెలిసినవాడు ఒక్కడూ దొరకలేదు. నన్ను పిలిచి కుర్చీ వేశాడు. ఆ ఆఫీసులో నా సగం వయసువాళ్ళే నాకన్నా పెద్ద ఉద్యోగాల్లో ఉండేవాళ్ళు. నాకేం బాధ లేదు. పొద్దున వెళ్ళగానే ఎవరో ఒకరు "సార్, టిఫిన్ అయిందా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న కోసం నేను ఆదివారాలు కూడా ఆఫీసుకు వెళ్ళిన సందర్భాలున్నాయి.

మా ఆట తుపాకుల ఆట. మూతబడిన ఫ్యాక్టరీలో ఇటు ఐదుగురు, అటు ఐదుగురు కాల్చుకుంటారు. చచ్చినవాడు కాసేపటికి మళ్ళీ లేస్తాడు. ఆడుతున్నంతసేపూ పది మందీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. అయితే ఆ పది మంది ఎవరన్నది వాళ్ళ చేతిలో లేదు. మీట నొక్కి వరసలో నిలబడితే, ఎవరిని ఎవరితో కలపాలో మా యంత్రం చూసుకుంటుంది. కావలసిన స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలుచుకునే సదుపాయం పెట్టాలని ఒక జాబితాలో రాసుకున్నాం. నేను వచ్చేసేనాటికి కూడా అది జాబితాలోనే ఉంది.

ఈ జత కలిపే పని నాది. నేను లైనువాణ్ణి కాబట్టి లైను చూసే కలిపాను. మీట నొక్కిన క్షణానికీ, అవతల గుండు తగిలిన క్షణానికీ మధ్య జాప్యం ఉంటుంది. దగ్గర దగ్గర ఊళ్ళవాళ్ళను, ఒకే రకం లైను ఉన్నవాళ్ళను కలిపితే ఆ జాప్యం అందరికీ ఒకటే. అందువల్ల చిత్తూరు మనిషికి పూతలపట్టు మనిషే ఎదురయ్యేవాడు, ఇవాళా రేపూ కూడా. ఆ ఎదురుపడటంలో ఇంకేమైనా జరుగుతుందని నాకు తట్టలేదు.

దీనికి అడ్డం తిరిగింది పీలేరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. లెక్కల్లో పీజీ చేసింది. నా పక్క కుర్చీ. నన్ను ఎదిరించి మాట్లాడే మనిషి ఆఫీసులో ఆమె ఒక్కతే, అందుకే ఆమె అంటే నాకు ఇష్టం.

"లైను బాగుంటే సరిపోతాదా సార్? నిన్న మొదలుపెట్టినోణ్ణి తీసకపోయి మూడేండ్లు ఆడినోడి ముందర నిలబెడితే వాడు యాడ నిలుస్తాడు?"

"ఏడ్చుకుంటా నేర్చుకుంటాడు. నేను స్తంభం ఎక్కడం అట్లే నేర్చుకున్నా."

"మీకు ఇంకో స్తంభం లేదు కాబట్టి నేర్చుకున్నారు. వాడు ఈ ఆట తీసేసి ఇంకోటి ఎక్కించుకుంటాడు."

ఆమె చెప్పింది నిజమేనని మూడు నెలల్లో తేలింది. కొత్తవాళ్ళు వారం కూడా నిలవడం లేదు. యజమాని ఆమె మాటే ఖాయం చేశాడు. ఆడేవాళ్ళ నైపుణ్యాన్ని పన్నెండు మెట్లు చేశాం. గెలిస్తే పైకి, ఓడితే కిందికి. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళనే కలపాలి, వాళ్ళు ఏ ఊరివాళ్ళయినా సరే. ఒకరి మెట్టు ఇంకొకరికి కనిపించకూడదు, కనిపిస్తే ఎగతాళి మొదలవుతుంది. నేను పట్టుబట్టి ఒక్క షరతు మిగిల్చుకున్నాను. మెట్టు కలిసినా సరే, లైను మరీ నెమ్మదిగా ఉన్నవాణ్ణి వేగంగా ఉన్నవాళ్ళతో కలపకూడదు. ముసలాయన మాట పూర్తిగా కొట్టేయడం ఎందుకని ఒప్పుకున్నారనుకుంటాను.

మెట్లు వచ్చాక కొత్తరకం దొంగలు పుట్టుకొచ్చారు. బాగా ఆడేవాడు కావాలని ఓడిపోయి కింది మెట్టుకు దిగుతాడు, అక్కడ కొత్తవాళ్ళను పిట్టల్లా కాలుస్తాడు. దీనికి మేము దొంగ ఓటమి అని పేరు పెట్టుకున్నాం. ఎవరు నిజంగా ఓడుతున్నారో, ఎవరు కావాలని ఓడుతున్నారో పట్టే పరీక్షను నేను తయారుచేశాను. తుపాకీ ఎత్తకుండా నడిచేవాడు, గుండుకు ఎదురెళ్ళేవాడు, చాటు ఉండి కూడా దాక్కోనివాడు, ఇలాంటివన్నీ గమనిస్తుంది. ఆ పరీక్ష చూసి అందరూ మెచ్చుకున్నారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

పరీక్ష పట్టిన మొదటి గుంపులోనే తొమ్మిది మంది దొరికారు. అందరూ మన వైపువాళ్ళే. పూతలపట్టు, చిత్తూరు, తిరుచానూరు, ఒకరు పులికాట్ ఒడ్డున. తొమ్మిదో మెట్టు, పదో మెట్టు మనుషులు. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు వచ్చి, వరసగా ఓడిపోతూ మొదటి మెట్టుకు చేరారు. చేరాక కూడా కదలకుండా అక్కడే ఉన్నారు. ఇంత పచ్చిగా దొంగతనం చేసేవాళ్ళుంటారా అని నాకు ఒళ్ళు మండింది. తొమ్మిది మందినీ ఆట నుంచి వెలివేశాను. ఇంటికి పోయి ఆ రోజు కాస్త ఎక్కువే అన్నం తిన్నాను.

వాళ్ళు ఫిర్యాదులు పంపారు. వెలిపడ్డవాళ్ళందరూ పంపేవే కాబట్టి, అందరికీ ఇచ్చే జవాబే ఇచ్చాను. పూతలపట్టు ఆయన మాత్రం మళ్ళీ రాశాడు, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో. "సార్ మేము దొంగలం కాదు. పంచరు షాపు పెట్టుకోని బతికేవాళ్ళం. మాస్టర్ కోసం ఓడిపోతా ఉన్నాము. అడగండి కావాలంటే." మాస్టర్ ఎవరో, ఆయన కోసం ఓడిపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని పక్కన పెట్టడం ముప్పై ఏళ్ళ సర్కారు ఉద్యోగంలో బాగా అలవాటైన విద్య. పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత పది రోజులకు చిత్తూరు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు కాదు. "నా ఆటలోకి నాకు తెలిసినవాళ్ళు ఎవురూ రావడం లేదు. నేనేమన్నా తప్పు చేసినానా సార్? చెప్తే దిద్దుకుంటాను." కింద ఫోన్ నంబరు, చిరునామా. ఆయన ఆడిన ఆటలన్నీ తీసి చూశాను. మొదటి మెట్టు మనిషి. నేను వెలివేసిన తొమ్మిది మందీ ప్రతి సాయంత్రం ఆయనతోనే ఆడారు. ఆయనా, ఆ తొమ్మిది మందీ కలిస్తే పది. ఒక ఆటకు కావలసింది పది మందే.

అప్పుడు చూశాను, మొదటే చూడవలసిన సంగతి. కిందికి దిగిన దొంగ అక్కడ గెలవాలి కదా. ఈ తొమ్మిది మంది దిగాక గెలుపు కోసం ఆడనేలేదు, ఒక ఆట ఇటు పోతే ఇంకోటి అటు పోయి ఎవరి మెట్టూ మారలేదు. ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారు, నవ్వుకున్నారు కాబోలు. ఆ పదో మనిషి వైపు మాత్రం దాదాపు ఒక్క గుండూ పేల్చలేదు. నా పరీక్ష వాళ్ళు ఓడిపోవడాన్ని చూసింది. ఎందుకు ఓడిపోతున్నారన్నది నేనూ చూడలేదు, అదీ చూడలేదు.

ఫోన్లో అడిగితే సరిపోయేది. ఆడేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళకూడదని కంపెనీలో నిబంధన కూడా ఉంది. నేను మాత్రం మర్నాడు సెలవు పెట్టి చిత్తూరు బస్సెక్కాను. తప్పు సరిచేయాలన్న తపనతోనే వెళ్ళానని చాలా రోజులు అనుకున్నాను. ఎవరి ఇంటికో వెళ్ళి, కూర్చోమనిపించుకుని కాసేపు మాట్లాడాలనీ ఉండింది. పూతలపట్టు కూడలిలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అటూ ఇటూ రెండు పంచరు షాపులు కనిపించాయి. దిగలేదు.

చిత్తూరులో ఆ ఉత్తరం రాసినాయన ఇల్లు ఒక ఇరుకు వీధిలో మేడ మీద. కింద తమ్ముడి కుటుంబం. చిన్నపిల్ల ఒకతె ఉర్దూలో పైకి కేకేసి, నన్ను మెట్ల దాకా తీసుకెళ్ళింది. గదిలో మగ్గం పని చేసే చెక్క చట్రం, దాని మీద సగం కుట్టిన పెళ్ళి జాకెట్టు. చట్రానికి ఆనించి ఫోను. ఆయనకు నలభై ఐదేళ్ళుంటాయి. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ముఖం కుడివైపు జారింది. పక్షవాతం వచ్చి రెండేళ్ళయిందట. ఒకప్పుడు జరీ పనిలో ఆ వీధికంతా ఆయనే మాస్టర్. ఇప్పుడు ఆయన భార్య ఆ పని నేర్చుకుని, మధ్యాహ్నం నుంచి తమ్ముడి షాపులో కూర్చుంటోంది. ఆమె వచ్చేదాకా ఆయన ఒక్కడే.

"కంపెనీ నుంచి మనిషే వచ్చినారా!" అని లేవబోయాడు. నేను వారించాను. "ఇంత దూరం వచ్చినారంటే నేను పెద్ద తప్పే చేసినట్టుండాది సార్."

"మీరేం చేయలేదప్పా."

"మరి వాళ్ళంతా యాడికి పోయినారు? ఒకరికి విసుగొస్తాది, ఇద్దరికి విసుగొస్తాది. తొమ్మిది మందికీ ఒకే దినం వస్తాదా?"

నేను జవాబు చెప్పకముందే ఆయన వాళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ ఆపలేదు.

"పూతలపట్టులో పంచరు షాపాయన ఉండాడు. ఆట మజ్జలో బండొస్తే, ఒక్క నిమిషం నన్ను సంపొద్దండని బతిమాలతాడు. పులికాట్ కాడ రొయ్యలు పట్టే ఆయన మాట్లాడతా ఉంటే ఎనక గాలి సప్పుడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిసేసే ఆమె ఉండాది, నన్ను మాస్టరన్నా అంటాది. ఆమె కూతురికి జరమొస్తే మేమందరం ఆ పొద్దు ఆడనేలేదు సార్. ఊరికే మాట్లాడుకుంటా నిలబడినాము. వాళ్ళ ఇంటి సంగతులన్నీ నాకు తెలుసు."

"మీ సంగతి వాళ్ళకు తెలుసా?"

"మగ్గం మాస్టర్నని సెప్పినా. సెయ్యి పడిపోయిందని సెప్పలా. నంబరు అడిగినారు, ఇయ్యలా. ఇస్తే సూడ్డానికి వస్తారు సార్, అట్లాంటోళ్ళు వాళ్ళు. ఈ మొగం ఎట్ల సూపించేది? ఆటలో నాకు రెండు సేతులు ఉండాయి గదా."

ఆయనే మళ్ళీ ఉత్సాహం తెచ్చుకున్నాడు.

"మొదుట్లో శానా సార్లు సచ్చేవాణ్ణి. మజ్జలో కొన్ని దినాలు వాళ్ళు కనబడలా, ఎవురెవురో కొత్తోళ్ళు వచ్చినారు. ఆమైన కొన్నాళ్ళకి ఒగరొగరే మళ్ళీ వచ్చినారు. అప్పటినుంచి నా ఆట బాగుపడింది సార్. ఎడమసెయ్యి కుదురుకున్యాది. ఆటకి ఒకసారి సస్తే ఎక్కువ."

మజ్జలో కొన్ని దినాలంటే మేము మెట్లు పెట్టిన రోజులు. ఆ మెట్లు వాళ్ళను ఆయన నుంచి విడదీశాయి. విడదీస్తే, అన్నిసార్లు చచ్చే మనిషి అట్టడుగునే ఉంటాడని లెక్కేసి, వాళ్ళు ఓడిపోతూ ఓడిపోతూ ఆయన ఉన్నచోటికి దిగి వచ్చారు. ఆయన చేతిలో ఏదో లోపం ఉందని వాళ్ళకు చెప్పకుండానే తెలిసి ఉండాలి. ఆయనకేమో తన చెయ్యి కుదురుకున్నట్టు అనిపించింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. "మా యంత్రంలో పొరపాటు జరిగింది, వాళ్ళు రేపో మాపో వచ్చేస్తారు" అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. నేను మొత్తం చెప్పేశాను. మెట్ల గురించి, దొంగ ఓటమి గురించి, నా పరీక్ష గురించి, వాళ్ళు ఆయన్ని కాల్చకుండా ఉండటం గురించి. నిజం చెప్పడం ధర్మమని కాదు. గుండెల మీద బరువు ఉంది, దాన్ని దింపుకోవడానికి నాకు ఆయన గది దొరికింది.

ఆయన చాలాసేపు ఫోను వైపే చూశాడు.

"తొమ్మిది మందీనా సార్?"

"తొమ్మిది మందీ."

"పంచరు షాపాయన కూడానా? ఆయన ఓడిపోతే కోపం పట్టలేడే."

"ఆయనే అందరికన్నా ముందు దిగినాడు."

"అయితే నేను సంపినోళ్ళందరూ సావడానికే నిలబడినారన్నమాట." నవ్వబోయాడు. జారిన ముఖంలో ఆ నవ్వు సగమే కనిపించింది. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నన్ను సంకనేసుకోని తిరిగినారు సార్. నాకు తెలీకుండా."

వాళ్ళను తిరిగి రానిస్తానని, అది నా పూచీ అని చెప్పాను. ఆయన తలూపాడు గానీ మనసు అక్కడ లేదు.

"వాళ్ళ సొంత మెట్టు ఎంత సార్?"

"తొమ్మిది, పది."

"అయితే నేను ఆడికి పోవాల."

"అది చాలా పైన అప్పా. రెండు చేతులున్నోళ్ళే..."

"కుడిసేత్తో ముప్పై ఏండ్లు కుట్టినా. అది కూడా నాకు పుట్టుకతో వచ్చిందేం కాదు. ఇంగ వాళ్ళు దిగి రాకూడదు. నేనే ఎక్కిపోతా. ఒక్క మాట సార్, నా సంగతి వాళ్ళకు సెప్పొద్దండి. ఆడికి పోయినాక నేనే పిలస్తా."

మాటిచ్చాను. కింద నుంచి తమ్ముడి భార్య టీ పంపింది. ఆ టీ తాగుతూ నేను ఆయనతో ఇంకో గంట కూర్చున్నాను. ఆ మాట కూడా చెప్పాలి, నా భార్య పోయాక ఒకరి ఇంట్లో అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి.

ఆఫీసులో సంగతి చెప్తే యజమాని మండిపడ్డాడు. "ఆడేటోళ్ళ ఇంటికి మా మనిషి పోయినాడని తెలిస్తే రేపు ఎవురన్నా కేసు పెడితే ఏం సెప్పాల సార్?" అన్నాడు. పెద్దవాణ్ణని గొంతు తగ్గించాడు గానీ కాగితం మాత్రం ఇచ్చాడు. ఇంకోసారి ఏ ఆటగాడి విషయంలోనైనా సొంతంగా చెయ్యి పెడితే ఉద్యోగం లేదని అందులో రాసి ఉంది. పీలేరు అమ్మాయి కూర్చుని, కిందికి దిగి కూడా గెలవనివాణ్ణి పట్టకుండా నా పరీక్షను దిద్దింది, తొమ్మిది మంది మీద వెలి ఎత్తివేయించింది. వాళ్ళు పోగొట్టుకున్న మెట్లు కూడా తిరిగి ఇచ్చేశాం. తొమ్మిది, పది. నష్టపరిహారం అన్నాడు యజమాని, చాలా ఉదారంగా.

మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు తొమ్మిది మందీ వచ్చి వరసలో నిలబడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి ఆటలోనే తుపాకులు దించి, గుండ్లకు ఎదురెళ్ళడం మొదలుపెట్టారు. మాస్టర్ కోసం మళ్ళీ దిగుతున్నారు.

అదే గంటలో, అన్నిటికన్నా కింద, మాస్టర్ ఊరూ పేరూ తెలియనివాళ్ళతో ఆడుతున్నాడు. మూడు ఓడి ఒకటి గెలిచాడు. తర్వాత రెండు ఓడి రెండు గెలిచాడు. మూడు వారాలు పట్టింది, రెండో మెట్టు ఎక్కాడు. ఆ పూట పీలేరు అమ్మాయి ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నేను రోజూ నాలుగు గంటలకు పని ఆపి ఈ రెండు గీతలూ చూసేవాణ్ణి. పై నుంచి వాళ్ళది దిగుతోంది. కింది నుంచి ఆయనది ఎక్కుతోంది. వాళ్ళకు చెప్పనని ఆయనకు మాటిచ్చాను. చెప్తే ఉద్యోగం పోతుందని కాగితం ఉంది. ఎలాగూ ఎదురెదురుగా వస్తున్నారు కదా, ఏదో ఒక మెట్టు మీద కలవక తప్పదని నాకు నేనే చెప్పుకున్నాను. లైనువాడి మనసు అలాగే ఆలోచిస్తుంది.

కలిసే రోజు వచ్చింది. చిత్తూరులో వాన. నాలుగు దాటి కొద్ది నిమిషాలైంది. మూడో మెట్టు వరసలో తొమ్మిది మందిలో ఏడుగురు నిలబడి ఉన్నారు. అదే మెట్టు మీదికి మాస్టర్ అంతకుముందు రోజే ఎక్కాడు. ఆయన కూడా మీట నొక్కాడు.

"సార్!" అని అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "ఒకే మెట్టు సార్! ఒకే వరస!"

ఇద్దరం తెర ముందు నిలబడ్డాం. యంత్రం మెట్టు చూసింది, సరిపోయింది. తర్వాత లైను చూసింది. వానకు మాస్టర్ ఇంటి లైను ఈడుస్తోంది. నేను పట్టుబట్టి పెట్టించిన షరతు అక్కడ తన పని తాను చేసింది. ఆయన్ని పక్కకు తీసి, నెమ్మది లైన్లవాళ్ళ వరసలో పెట్టింది.

వరసను కాసేపు ఆపే మీట ఒకటి ఉంటుంది. పరీక్షల కోసం పెట్టుకున్నది, నా పాస్‌వర్డుతోనే పనిచేస్తుంది. దాన్ని నొక్కి, ఆ ఒక్క ఆటకు లైను షరతు తీసేసి, ఎనిమిది మందినీ ఒకచోట పెట్టడానికి నాకు పది సెకన్లు చాలు.

"నొక్కండి సార్," అంది అమ్మాయి.

వేలు మీట మీదే ఉంది. సొరుగులో యజమాని ఇచ్చిన కాగితం ఉంది. ఆ కుర్చీ పోతే రేపటినుంచి పొద్దున నన్ను టిఫిన్ అయిందా అని అడిగేవాళ్ళు ఉండరు. మేడ మీద వాటా, పక్కన లాడ్జి, కింద పూలావిడ. ఆ మనిషి ఒంటరితనం సంగతి నాకు బాగా తెలుసు, అందుకే నాకున్న తోడును నేను కాపాడుకున్నాను. భయపడ్డాను, అంతే. దీనికి ఇంకో పేరు పెట్టుకోవాలని చాలా ప్రయత్నించాను, దొరకలేదు.

ఏడుగురూ వేరేవాళ్ళతో ఆటలోకి వెళ్ళిపోయారు. మాస్టర్ ఇంకో ఆటలోకి వెళ్ళాడు.

"పోనీండి సార్," అంది అమ్మాయి, నా ముఖం చూడకుండా. "రేపు కలుస్తారులే."

ఆ రేపు వచ్చేసరికి ఆయన రెండు ఆటలు గెలిచి ఉన్నాడు. వాళ్ళు నాలుగు ఓడి రెండో మెట్టుకు దిగిపోయారు. ఆ తర్వాత ఆయన గెలిచిన ప్రతి ఆటా, వాళ్ళు ఓడిన ప్రతి ఆటా మధ్య దూరాన్ని పెంచుతూ పోయాయి. పంచరు షాపాయన ఇంకో ఉత్తరం రాశాడు. "మాస్టర్ వస్తా ఉన్నాడా సార్? బాగుండాడా? అది మాత్రం చెప్పండి చాలు." ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పడం కుదరదని రాశాను. ఆ వాక్యం మా దగ్గర తయారుగా ఉండేది. ఆ అమ్మాయి వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు దండం పెట్టింది. నన్ను తిట్టి వెళ్ళినా బాగుండేది.

ఇంకో ఏడు నెలలు పనిచేసి నేనూ దిగిపోయాను. శాలువా కప్పారు, దండ వేశారు, న్యాయమైన ఆటకు నేను పునాది వేశానని యజమాని మాట్లాడాడు. ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి చివరిసారి చూశాను. తొమ్మిది మందీ మొదటి మెట్టు మీద ఉన్నారు. వాళ్ళు తుపాకులు ఎత్తడం లేదు. ఎవరో వచ్చి కాల్చి పోతున్నారు. చచ్చి, లేచి, మళ్ళీ నిలబడుతున్నారు. తర్వాత నా పాస్‌వర్డు తీసేసుకున్నారు.

రెండు వారాలకు చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. మాట ఇదివరకటికన్నా తేటగా ఉంది.

"సార్, ఐదో మెట్టు ఎక్కినా. ఎడమసేత్తో సార్, ఒక్క ఎడమసేత్తోనే."

"శానా సంతోషమప్పా."

"ఇప్పుడు నన్ను ఎవురూ వదిలిపెట్టడం లేదు సార్. గట్టిగానే కాలస్తా ఉండారు. నేనూ కాలస్తా ఉండా. వాళ్ళు ఇంగా ఆడనే ఉండారా సార్? పైన?"

కింద ఉన్నారని చెప్పాలంటే, నేర్చుకున్న చేతిని మళ్ళీ ఓడిపొమ్మని చెప్పాలి. వాళ్ళు ఇన్ని నెలలుగా ఎవరి కోసం చస్తూ నిలబడ్డారో కూడా చెప్పాలి. ఒకసారి ఆయన గదిలో కూర్చుని నిజం చెప్పిన నోరే ఇది. వాళ్ళకు ఒక్క మాట చేరవేసి పైకి పంపడానికి ఇప్పుడు నా చేతిలో ఏ మీటా లేదు.

"పైనే ఉండారప్పా," అన్నాను.

"అయితే ఇంగా ఎక్కాల సార్," అని ఆయన ఫోను పెట్టేశాడు.